నెటాలు పోయిన పెద్దతాత

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నప్పుడు డి.ఎ. బకాయిల గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శి గారు నవ్వి, "దాని గురించి అందరూ మాట్లాడతారు. మీరు ఆ ఓడ సంగతి చెప్పండి" అన్నారు. అందుకని ఓడ సంగతే చెబుతున్నాను. మీకు విసుగు పుడితే చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను.

మనందరికీ తెలిసిన బాధ ఒకటుంది. మనం బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్టు ఇచ్చుకోవాలి. వెనక ట్రెజరీ ముందు బారులు తీరి నిలబడేవాళ్ళం. ఇప్పుడు ఫోను ముందు ముఖం పెట్టి కళ్ళు ఆర్పితే చాలంటున్నారు. ఏ పద్ధతైనా సరే, కాగితం అందకపోతే పెన్షను ఆగుతుంది. మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా కాగితం ప్రకారం లేనట్టే. ముప్ఫై ఆరేళ్ళు రెవెన్యూలో పనిచేసి, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయిన నేను, ఎంతోమందిని ఇట్లా కాగితం మీద బతికించాను, కాగితం మీద చంపాను. అదే పని నా సొంత ఇంట్లో వందేళ్ళ కిందట జరిగిందని మాత్రం రిటైరయిన పదమూడేళ్ళకుగాని నాకు తెలియలేదు.

మాది కోవూరుకు తూర్పున సముద్రం వైపు ఒక చిన్న ఊరు. మా తాతకు ఒక అన్న, ఒక తమ్ముడు. ఆ అన్నను మేం పెద్దతాత అని చెప్పుకుంటాం గాని మాలో ఎవరూ చూసినవాళ్ళు లేరు. చెప్పింది మా జేజి. ఆమె కూడా ఆయన్ను చూడలేదు, ఆయన పోయిన తర్వాత ఆరేళ్ళకు కాపురానికి వచ్చింది. అత్తగారి నోట విన్నది నాకు చెప్పింది. నాకప్పుడు పదేళ్ళుంటాయి.

"మీ పెద్దతాత కాడెద్దును నెల్లూరు తోలకపొయ్యి అమ్మినాడు. ఆ దుడ్డు పోగొట్టుకున్న్యాడు. మొగం చెల్లక ఇంటికి రాలా. చెన్నపట్నం పొయ్యి ఓడెక్కినాడు. నెటాలు. ఆడ చెరుకు కొట్టే పని."

దుడ్డు ఎట్లా పోయిందంటే జేజి ఒకరోజు జేబుదొంగ కొట్టేశాడనేది, ఇంకోరోజు పేకాటలో పోయిందనేది. నేను రెండోదే నిజమని నమ్మాను. మొదటిదైతే మొగం చెల్లకపోవడం ఎందుకు?

ఈ నెటాలు ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి, పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి. ఇంగ్లీషువాళ్ళు తమ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం చేశారు. బానిసలు పోయారు గాని చెరుకుతోటలు పోలేదు. తోటలకు మనుషులు కావాలి. అందుకని మన దేశంనుంచి ఐదేళ్ళ ఒప్పందం మీద కూలీలను తీసుకుపోవడం మొదలుపెట్టారు. ముందు మారిషస్, తర్వాత వెస్టిండీసు, నెటాలు, ఫిజీ. నెటాలంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ చుట్టుపక్కల ప్రాంతం. అక్కడికి మొదటి ఓడ మన మద్రాసునుంచే పోయింది. దాని పేరు ట్రూరో. 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ రవాణా ఆగేదాకా ఒక్క నెటాలుకే 1,52,184 మంది పోయారు. అందులో మూడింట రెండు వంతులమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళే, అంటే అరవంవాళ్ళు, మనవాళ్ళు. ఫిజీకి మద్రాసునుంచి మనుషులను పంపడం 1903లో మొదలైంది. రంగం పోయినవాళ్ళ సంగతి వేరే, వాళ్ళ లెక్క ఇందులో లేదు.

మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెంపు. తిండి, గుడిసె వాళ్ళవే. మన ఇంక్రిమెంటు లాంటిదే అనుకోండి. కాని ఐదేళ్ళు అయ్యాక అక్కడే స్వేచ్ఛగా బతకాలనుకుంటే తలకు ఏడాదికి 3 పౌన్ల పన్ను కట్టాలని 1895లో ఒక చట్టం చేశారు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏటి జీతంలో ఆరు నెలలది. పిల్లలు పెద్దవాళ్ళయితే వాళ్ళమీద కూడా. గాంధీగారు 1913లో చేసిన పోరాటంలో ఈ పన్ను ఒక ముఖ్య కారణం, 1914లో దాన్ని తీసేశారు. నేను ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చిన్నప్పుడు నేను మా పెద్దతాతను "ఒక్క రూపాయి పంపని మనిషి" అనుకునేవాణ్ణి. పన్ను లెక్క చదివిన తర్వాత ఆ మాట వెనక్కు తీసుకున్నాను.

ఇక మా ఇంట్లో ఉన్న రికార్డు. ఉన్నది ఒక్కటే, అదీ సగం. జేజి భోషాణంలో పాత పంచాంగాల కట్ట మధ్య ఒక కవరు ముక్క. లోపలి ఉత్తరం చెదలు తినేసింది. స్టాంపు ఎవరో పిల్లవాడు పీకేశాడు. ఆ పిల్లవాడు బహుశా నేనే, నాకు ఆ రోజుల్లో స్టాంపుల పిచ్చి ఉండేది. పీకిన స్టాంపుతో పాటు తపాలా ముద్రలో ఎడమ సగం పోయింది. మిగిలిన కుడి సగంలో పైన ఇంగ్లీషులో "ఉలం" అని నాలుగక్షరాలు, మధ్యలో "21" అంకె. నలభై ఏళ్ళు ఆ ముక్కను దాచుకున్నాను. "ఉలం" అనే ఊరు ఎక్కడుందో ఏ అట్లాసులోనూ దొరకలేదు.

ఆ ఉత్తరం గురించి జేజి చెప్పింది మాత్రం గుర్తుంది. "నేను కాపురానికొచ్చి చానా ఏండ్లయినాక వొచ్చింది. కరణం చదివినాడు. మీ ముత్తవ్వ దాన్ని రొమ్ముకు కరుచుకోని ఏడ్చింది. ఆ పైన ఆయమ్మ ఉన్నంతకాలం పొలం పంచుకుంటామని ఎవురూ నోరెత్తలా."

ఈ చివరి మాట అప్పట్లో నాకు అర్థం కాలేదు.

2018 డిసెంబరులో, తపాలా శాఖలో చేసి రిటైరయిన నెల్లూరు మిత్రుడొకాయన ఫోన్ చేశారు. డర్బన్‌నుంచి ఒకామె వచ్చిందట. బడిపంతులమ్మగా చేసి రిటైరయిందట, అంటే మన కులమే, పెన్షనరు. తాత ఊరు వెతుక్కుంటున్నదట. "మీకు పాత కాగితాలు తవ్వే జబ్బు ఉంది గదా, మీ దగ్గరికి పంపిస్తా" అన్నారు.

ఆమె, ఆమె కూతురు వచ్చారు. వాళ్ళు ముందు మన ఊరికి రాలేదు. తాత కాగితంలో ఊరి పేరు చూసి గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరుకు పోయారు. ఇంగ్లీషులో రాస్తే మన కోవూరుకూ ఆ కొవ్వూరుకూ ఒక్క అక్షరమే తేడా. అక్కడివాళ్ళు ఆదరంగా భోజనం పెట్టి, కాగితంలో "జిల్లా నెల్లూరు" అని ఉన్నది చూపించి ఇటు పంపారు. వాళ్ళకు నా కృతజ్ఞతలు.

ఆమె తెచ్చిన కాగితం నెటాలు కూలీల రిజిస్టరులో ఒక వరస నకలు. ఆ రిజిస్టర్లు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి. ఓడ ఓడకూ జాబితా, మనిషికొక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు. అక్కడి విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు జాయ్ బ్రెయిన్ గారు, ఆమెతో పనిచేసినవాళ్ళు కలిసి ఆ జాబితాలను కంప్యూటరుకు ఎక్కించారు. ఆ వరస చూడగానే నాకు మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ గుర్తొచ్చింది. మనకూ రాశారు గదా, "ఎడమ చెంప మీద పుట్టుమచ్చ" అని! మనిషిని గుర్తుపట్టడానికి సర్కారుకు తెలిసిన పద్ధతి అన్నిచోట్లా ఒకటే.

అందులో లేనిది ఇంటిపేరు. మనవాళ్ళకు ఇంటిపేరే ఆయువుపట్టు. ఆ గుమాస్తాకు అది అక్కర్లేదు. ఓడ దిగిన మనిషి పేరో, వాళ్ళ నాన్న పేరో తర్వాత తరానికి ఇంటిపేరయింది. అందుకని మనవాళ్ళు అక్కడ ఇంటిపేరుతో వెతికితే దొరకరు, వాళ్ళు ఇక్కడ ఇంటిపేరుతో వెతికితే దొరకరు.

పేరు చదివాను. మా పెద్దతాత పేరే. తండ్రి పేరు చదివాను. మా ముత్తాత పేరే. సంవత్సరం 1902, వయసు 22. మా లెక్కకు ఏడాది అటూ ఇటూ సరిపోయింది. నా చేతులు వణికాయి, దాచుకోను.

కాని నేను రెవెన్యూవాణ్ణి. ఒక్క కాగితం చూసి సంతకం పెట్టే అలవాటు లేదు. ఆ పేరూ, ఆ తండ్రి పేరూ మన జిల్లాలో ప్రతి ఊళ్ళో పదిమందికి ఉంటాయి. అందుకే ఆ పేరు ఇక్కడ చెప్పడం లేదు, చెబితే ఈ హాల్లోనే నలుగురు పలుకుతారు. ఆమె కూతురు తన కంప్యూటరులో వెతికితే అదే పేరుతో నెల్లూరు జిల్లా వాళ్ళు ఇంకా కొందరు కనబడ్డారు. పైగా ఆనాటి నెల్లూరు జిల్లా ఈనాటిది కాదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా మనదే. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970లో ప్రకాశం జిల్లాకు పోయేదాకా మనవే. 1902 కాగితంలో "నెల్లూరు" అంటే ఇంత పెద్ద దేశం అన్నమాట.

ఊరు "కోవూరు" అని ఉంది. మా ఊరు కోవూరు కాదు, కోవూరు దగ్గర. బయటికి పోయినప్పుడు ఎవరైనా అడిగితే మనం దగ్గరి పెద్ద ఊరి పేరే చెబుతాం. కాబట్టి అది కలుస్తుందనీ చెప్పవచ్చు, కలవదనీ చెప్పవచ్చు. కులం గడిలో రాసింది మా ఇంటిది కాదు. డిపోలో కులం మార్చి చెప్పినవాళ్ళు ఉన్నారు, చెప్పింది గుమాస్తాకు అర్థంకాక తనకు తెలిసిన మాట రాసిన సందర్భాలూ ఉన్నాయి. ఒంటి గుర్తు ఎడమ కాలిమీద మచ్చ అని ఉంది. జేజి చెప్పింది కుడి తొడమీద ఎద్దు పొడిచిన మచ్చ. అయితే చూడని మనిషి తొడమీది మచ్చ గురించి జేజి మాట ఎంతవరకు నమ్మాలి?

ఇట్లా కూడుతూ తీసేస్తూ కూర్చున్నాం. మధ్యలో ఆమెను అడిగాను, మీ తాత తర్వాత ఏం చేశాడు అని. ఒప్పందం అయ్యాక డర్బన్‌కు ఉత్తరంగా చెరుకుతోటల మధ్య ఒక ఊళ్ళో చిన్న కూరతోట కౌలుకు తీసుకున్నాడని చెప్పింది. ఏ ఊరు అన్నాను. "వెరులం" అంది.

ఉలం!

లేచి పోయి కవరు ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను "అన్నా" అంది. ఆమెకు వచ్చిన తెలుగు మాటలు పదో పదిహేనో. అమ్మ, అన్న, అవ్వ, పప్పు, ఉగాది. అందులో ఒకటి నామీద వాడింది. వరస కూడా సరిపోతుంది. మా తాత అన్నగారి కొడుకు కూతురైతే నాకు చెల్లెలే.

ఇంకో మాట. వాళ్ళ తాత తోటలో నీళ్ళ గుంటను ఏదో పేరుతో పిలిచేవాడట, పిల్లలు ఆ పక్కకు పోతే కేకలేసేవాడట. ఆ పేరు వాళ్ళు ఏదో ఆఫ్రికా మాట అనుకునేవారట. "దోరు, దోరువు" అంది. దొరువు! మన సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళకు ఆ మాట చెప్పనక్కర్లేదు. ఇసక నేలలో గుంట తవ్వితే కొద్ది లోతులోనే తియ్యటి నీళ్ళు పడతాయి. రెండు చేతులా రెండు కడవలు పట్టుకుని దిగి, ముంచుకుని పైకి వచ్చి వంగమొక్కలకూ మిరపనారుకూ పోస్తారు. ఆమెను తీసుకుపోయి మా తమ్ముడి సరుగుడు తోట పక్కన పూడిపోగా మిగిలిన దొరువును చూపించాను. ఆమె అంచున కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. సంతోషంతో అనుకునేరు. కాదు. అంకె గుర్తొచ్చింది. "21."

ఉద్యోగంలో ఉండగా ఒకసారి మా భూమి పాత దస్తావేజు నకలు తీయించాను. అది మా తాతా, చినతాతా 1923లో రాసుకున్న పంపకం రిజిస్టరు దస్తావేజు. భూమి మొత్తం 4 ఎకరాల 80 సెంట్లు. ఇద్దరూ చెరి 2 ఎకరాల 40 సెంట్లు. అందులో ఒక వాక్యం ఉంది: జ్యేష్ఠ సోదరుడు దేశాంతరం పోయి ఇరవై సంవత్సరాలుగా ఎటువంటి జాడా లేనందున గతించినట్లు భావించి మేము ఉభయులం పంచుకున్నామని. చట్టం చదివినవాళ్ళకు తెలుసు. సహజంగా కబురు తెలియవలసిన తనవాళ్ళకు ఏడేళ్ళపాటు ఏ కబురూ తెలియకపోతే ఆ మనిషి చనిపోయినట్టు భావించవచ్చని అప్పట్లో అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పేది. దస్తావేజు రాసిన లేఖరి మంచి పనివాడు. ఆ రోజు ఆ వాక్యాన్ని చూసి, బాగా రాశాడే అనుకుని మడిచిపెట్టాను.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టాను. కవరుమీది 21 సంవత్సరమైతే, పెద్దతాత బతికి ఉన్నట్టు 1921లో ఇంటికి ఉత్తరం వచ్చింది. కరణం చదివాడు. తల్లి ఏడ్చింది. ఆ తల్లి, మా ముత్తవ్వ, మరణాల రిజిస్టరు ప్రకారం పోయింది 1922లో. మరుసటి ఏడే దస్తావేజు. ఆమె ఉన్నంతకాలం ఎవరూ నోరెత్తలేదని జేజి అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. ఆ ఉత్తరమే మా పెద్దతాత పంపిన లైఫ్ సర్టిఫికెట్టు. తమ్ముళ్ళు దాన్ని అందుకుని భోషాణంలో పెట్టి ఆయన్ను చనిపోయాడని రాయించారు. మూడు వంతులైతే ఒక్కొక్కరికి 1 ఎకరా 60 సెంట్లు. కాబట్టి మా తాత వంతులో 80 సెంట్లు, చినతాత వంతులో 80 సెంట్లు ఆయనవి.

మా తాత చాలా నెమ్మదస్తుడు. చీమకు కూడా అపకారం చేయడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

తెల్లవారి మా తమ్ముడికి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "21 తారీఖు కూడా కావచ్చు గదా. ముద్రలో తారీఖు ఉండదా?" అన్నాడు. నిజమే. తారీఖు, నెల, ఏడు ఒకే వరసలో ఉంటే కుడి చివర ఉండేది ఏడు. ముద్ర తయారీ వేరేగా ఉంటే తారీఖు. సగం ముద్రతో ఒట్టు పెట్టలేను. వాడి రెండో మాట ఇంకోటి. "ఆమె మనిషి అవునో కాదో తేలలేదు. ఇప్పుడీ దస్తావేజు సంగతి ఎందుకు కదపడం? సరుగుడు తోట మీదికి రాదా?" చట్టప్రకారం ఏమీ రాదు, వందేళ్ళనాటి దావా ఏనాడో కాలదోషం పట్టిపోయింది. అది వాడికీ తెలుసు. అయినా భయపడ్డాడు. నేను వాణ్ణి తప్పుపట్టను, ఎందుకంటే అదే రాత్రి నాకూ ఒక ఆలోచన వచ్చింది. కులం గడి, మచ్చ గడి చూపించి "అమ్మా, మీ తాత మా మనిషి కాదు" అనవచ్చు. అది అబద్ధం కాదు, సగం నిజం. ఆమెను పంపేస్తే దస్తావేజు మళ్ళీ మడిచిపెట్టుకోవచ్చు. ఇంకోవైపు, "నువ్వు మా చెల్లెలివే" అని ఒక్క మాట అనేస్తే ఆమె సంతోషంగా పోతుంది. అదీ సగం నిజమే.

రెండూ చెయ్యలేదు. ఆఫీసు అలవాటు ప్రకారం ఒక తెల్లకాగితం మీద మధ్యలో గీత గీసి, కలిసినవి ఒకపక్క, కలవనివి ఒకపక్క రాశాను. పేరు, తండ్రి పేరు, వయసు, వెరులం, జిల్లా ఒకపక్క. కులం, మచ్చ రెండోపక్క. ఊరు పేరు గీతమీద రాశాను. దొరువు ఎక్కడ రాయాలో కొంతసేపు తేలలేదు. అది మన తీరం మనిషి అని చెబుతుంది గాని మా ఇంటి మనిషి అని చెప్పదు. దాన్నీ గీతమీదే రాశాను. కింద దస్తావేజు వాక్యం మొత్తం ఇంగ్లీషులోకి మార్చి రాసి, చదివి వినిపించాను. మా తమ్ముడు పక్కనే కూర్చున్నాడు.

ఆమె అంతా విని అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఉత్తరానికి జవాబు రాశారా?"

నాకు తెలియదు. జేజిని ఆ మాట అడగలేదు. పదేళ్ళ పిల్లవాణ్ణి, నాకు స్టాంపు కావాలి గాని జవాబు ఎందుకు? జేజి 1966లో పోయింది.

ఆమె చెప్పింది: ప్రతి ఏడూ ఉగాది పచ్చడి తిన్నాక వాళ్ళ తాత వాకిట్లో కూర్చుని తపాలా మనిషి వస్తాడేమోనని చూసేవాడట. సెలవు రోజైనా సరే. ఆయన 1940ల్లో పోయాడు, ఆమె పుట్టకముందే. ఆమెకు చెప్పింది వాళ్ళ నాన్న. అంటే ఆమె సాక్ష్యం కూడా నాదాంట్లాగే చెవిన పడిందే. మేమిద్దరం ఒకే రకం రికార్డు అన్నమాట.

ఆమె పోయేరోజు ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ అల్లుడు ఐర్లండు మూలాలవాడట. ఆయన కూడా ముత్తాత ఊరు వెతుకుతున్నాడట, ఇంతవరకు దొరకలేదు. ఐర్లండులో 1845నుంచి ఉర్లగడ్డ పంట కుళ్ళిపోయి ఘోరమైన కరువు వచ్చింది, లక్షలమంది ఓడలెక్కి అమెరికాకూ ఇతర దేశాలకూ పోయారు. ఆ వెనకటి జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లు ఉండేవి. 1922లో డబ్లిన్‌లో అంతర్యుద్ధం జరిగినప్పుడు రికార్డు ఆఫీసు తగలబడి ఆ లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. ఇది విని నేను తల దించుకున్నాను. వాళ్ళవి యుద్ధంలో కాలాయి. మనవి?

1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు ఊళ్ళనుంచి రికార్డులు గోతాల్లో వచ్చిపడ్డాయి. మీలో రెవెన్యూవాళ్ళు ఉన్నారు, గుర్తుండే ఉంటుంది. పెట్టడానికి చోటు లేదు. వానకు తడిసినవి, ఎలుకలు కొట్టినవి, పనికిరానివి అని జాబితాలు రాసి పంపాం. నేను పనిచేసిన చోట ఒక జాబితా రాసింది నేనే. కింద నా సంతకం ఉంది. ఆ గోతాల్లో మా ఊరివి కూడా ఉన్నాయి. విప్పి చూడలేదు. సాయంత్రం ఆరున్నర బస్సు అందుకోవాలని తొందర.

ఆమె డర్బన్ పోయాక అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడుతుంది. వాళ్ళ నాన్న పెళ్ళి కాగితం దొరికిందట, అందులోనూ ఊరు కోవూరు అనే ఉందట. గీతకు ఇటుపక్క ఇంకొకటి పెరిగింది, అంతే. మా మనవడు అంటాడు, ఉమ్మి తీసి పరీక్షకు పంపితే రెండో తరం దాయాదులో కాదో చాలావరకు తేలిపోతుందని. నేను సరే అన్నాను. ఆమె సరే అంది. మా తమ్ముడు ఏడాదిపాటు మాట్లాడలేదు. ఈ మధ్య ఒకరోజు పొద్దున్నే వచ్చి, "నాది తీసుకుంటారా, నీది తీసుకుంటారా?" అని అడిగాడు. ఇద్దరివీ తీసుకుంటారట అని చెప్పాను. ఈసారి వచ్చేటప్పుడు ఆ పరీక్ష సామాను తెస్తానంది.

మహాలయ అమావాస్యకు స్వయంపాకం ఇచ్చేటప్పుడు అయ్యవారు పేర్లు అడిగితే పెద్దతాత పేరు కూడా చెబుతున్నాను. తేలినా తేలకపోయినా మా పెద్దతాత మా పెద్దతాతే గదా.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. సభ అయ్యాక భోజనాల దగ్గర, కుడిపక్క బల్లమీద నేను ఆ కవరు ముక్కను, దస్తావేజు నకలును, గీత గీసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఉంచుతాను, చూడండి. మీ ఇళ్ళల్లో భోషాణాల అడుగున, పాత ట్రంకుపెట్టెల్లో నెటాలు, మారిషస్, ఫిజీ, రంగం ముద్రలున్న కవర్లు గాని, మనియార్డరు రసీదులు గాని, దేశాంతరం పోయినవాడు అనే మాట ఉన్న దస్తావేజులు గాని ఉంటే వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. స్టాంపులు పీకకుండా తీసుకురండి. తపాలా ముద్రలు బాగా తెలిసినవారు ఎవరైనా ఉంటే ఆ 21 తారీఖో, సంవత్సరమో కాస్త చూసి చెప్పండి. మా తమ్ముడు కూడా అక్కడే ఉంటాడు.